నకలు ఎంతకాలం బతకాలి

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో గోడలూ స్తంభాలూ అక్షరాలతో నిండి ఉంటాయి. అఖండ దీపానికి గొర్రెలూ ఆవులూ ఇచ్చినవాళ్లు, దేవుడికి పొలం రాసిచ్చినవాళ్లు వందల ఏళ్ల పాటు తమ దానాలను ఆ రాళ్లమీద చెక్కించారు. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటం తిరగేస్తే ఈ ఒక్క గుడివే వందల శాసనాలు కనిపిస్తాయి. వాటిని పరిష్కరించిన పండితులు ఎక్కువగా చదివింది మాత్రం నకళ్లనే. శాసన శాఖ వాళ్లు ముందు రాయిని శుభ్రంగా కడుగుతారు. దానిమీద తడి కాగితం పరిచి, బిరుసు కుచ్చు బ్రష్షుతో కొట్టి కొట్టి, కాగితం అక్షరాల గాడిలోకి దిగేలా చేస్తారు. పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. పండితుడి బల్లమీదికి వెళ్లేది ఆ కాగితమే. రాయి గుడిలోనే ఉంటుంది.

మన శరీరంలో ప్రతి కణమూ దాదాపు ఇదే పద్ధతిలో చదువుకుంటుంది. కేంద్రకంలో ఉన్న డీఎన్‌ఏ ఆ రాయి. అది గడప దాటి రాదు. ఒక జన్యువుతో పని పడినప్పుడు దాన్నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారై కేంద్రకం బయటికి వస్తుంది. రైబోజోములు ఆ నకలును చదివి ప్రోటీన్ కడతాయి. కాగితం నకలుకూ కణంలోని నకలుకూ ఒక పెద్ద తేడా ఉంది. కాగితాన్ని బీరువాలో భద్రంగా పెడితే వందేళ్లయినా ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ నకలు ఆయుష్షు కొన్ని నిమిషాలు, లేదా కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. ఎంతసేపు బతికితే అంత ప్రోటీన్ తయారవుతుంది.

కేన్సర్ అంటే జన్యువులు చెడిపోవడం అని చదువుకున్నాం. అది నిజమే గాని, కథ అంతటితో అయిపోదు. జన్యువులో ఒక్క అక్షరం కూడా చెడకుండా, దాని నకలు బతకాల్సిన దానికంటే ఎక్కువకాలం బతికినా కణం అదుపు తప్పుతుంది. ఈ అధ్యాయం ఆ నకళ్ల ఆయుష్షు గురించి. దాన్ని తగ్గించే మైక్రోఆర్‌ఎన్‌ఏలు, తరచుగా దాన్ని పెంచే బంధక ప్రోటీన్లు ఒకదాన్నొకటి ఎలా అదుపు చేసుకుంటాయో, ఆ అదుపు తప్పినప్పుడు కణితి ఎలా పెరుగుతుందో చూద్దాం.

ముందు నకలు ఆకారం తెలియాలి. ఆర్‌ఎన్‌ఏ నకలులో మధ్య భాగమే ప్రోటీన్‌గా మారుతుంది. ఆ తరవాత ఒక పొడవాటి తోక ఉంటుంది. దాన్ని రైబోజోము చదవదు. చాలాకాలం పాటు శాస్త్రవేత్తలు కూడా దానికి పెద్ద విలువ ఇవ్వలేదు. అసలు నిర్ణయాలన్నీ జరిగేది ఆ తోకమీదనే అని మెల్లగా తెలిసివచ్చింది. ఈ నకలును ఇప్పుడు చదవాలా, కాసేపు ఆపాలా, ముక్కలు చేసి పారేయాలా అన్నది తోకను ఎవరు పట్టుకున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

పట్టుకునేవాళ్లలో మొదటి వర్గం మైక్రోఆర్‌ఎన్‌ఏలు. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ప్రయోగశాలలు ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో లిన్-4 అనే మొదటిదాన్ని పట్టుకున్నాయి. అది పురుగుకే ప్రత్యేకమైన వింత అనుకుని చాలామంది వదిలేశారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే రెండోదాన్ని కనుక్కుంది. అది ఈగలోనూ చేపలోనూ మనిషిలోనూ ఉందని తేలాక అందరూ లేచి కూర్చున్నారు. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

మైక్రోఆర్‌ఎన్‌ఏ పని తీరు సరళంగానే ఉంటుంది. దాని మొదట్లో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు ఉన్న ఏడు అక్షరాలు కీలకం. ఏ నకలు తోకలో వాటికి జోడయ్యే అక్షరాలు దొరికితే అక్కడ అతుక్కుంటుంది. ఒంటరిగా వెళ్లదు. ఆర్గోనాట్ అనే ప్రోటీన్ దాన్ని మోసుకుని వెళ్తుంది. అతుక్కున్నాక ఆ నకలును చదవడం ఆగిపోతుంది, తరవాత అది కుళ్లిపోతుంది. ఏడు అక్షరాలే చాలు కాబట్టి ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల నకళ్లను అదుపు చేయగలదు. మనిషి జన్యువుల్లో సగానికి పైగా వీటి అజమాయిషీలో ఉన్నాయని 2009లో లెక్కతేల్చారు.

రెండో వర్గం బంధక ప్రోటీన్లు, అంటే ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్లు. మన కణాల్లో ఇలాంటివి 1,542 ఉన్నాయని 2014లో ఒక జాబితా వేశారు. ఇవి చేయని పని లేదు. నకలు అనవసర భాగాలను కత్తిరించి అతకడం, కేంద్రకం దాటించడం, కాపాడటం, పారేయడం అన్నీ వీటివే. పైన చెప్పిన ఆర్గోనాట్ కూడా బంధక ప్రోటీనే. మైక్రోఆర్‌ఎన్‌ఏను చెక్కి తయారుచేసే డ్రోషా, డైసర్ కూడా ఈ వర్గానివే. అంటే మైక్రోఆర్‌ఎన్‌ఏలను పుట్టించేది బంధక ప్రోటీన్లు, ఆ ప్రోటీన్లలో చాలావాటి నకళ్లను అదుపులో పెట్టేది మైక్రోఆర్‌ఎన్‌ఏలు. ఈ విషయాన్ని అర్థం చేసుకోవడంలో ఉన్న కష్టమంతా ఈ మెలికలోనే ఉంది. అందం కూడా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

వీటిలో ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు హెచ్‌యుఆర్. మామూలు కణంలో ఇది చాలావరకు కేంద్రకంలోనే ఉంటుంది. కణానికి కష్టం వచ్చినప్పుడు, అంటే ఆహారం అందనప్పుడో ప్రాణవాయువు తగ్గినప్పుడో కేంద్రకం దాటి బయటికొచ్చి, 'యు' అక్షరాలు ఎక్కువగా ఉన్న తోకలను పట్టుకుంటుంది. అది పట్టుకున్న నకలు సాధారణంగా ఎక్కువకాలం బతుకుతుంది. 2006లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో విటోల్డ్ ఫిలిపోవిచ్ ప్రయోగశాలలో, మన దేశం నుంచి వెళ్లిన సువేంద్ర భట్టాచార్య కాలేయ కేన్సర్ కణాలతో ఒక ప్రయోగం చేశారు. అమైనో ఆమ్లాలను కణంలోకి తెచ్చే క్యాట్-1 అనే ప్రోటీన్ నకలును మైక్రోఆర్‌ఎన్‌ఏ-122 అణచి ఉంచుతుంది. ఆ కణాలకు అమైనో ఆమ్లాలు అందకుండా చేసేసరికి హెచ్‌యుఆర్ బయటికొచ్చి క్యాట్-1 తోకను పట్టుకుంది. అణచివేత సడలింది. అప్పటిదాకా పక్కన పడి ఉన్న నకళ్లు మళ్లీ రైబోజోముల దగ్గరికి చేరాయి. మైక్రోఆర్‌ఎన్‌ఏ వేసిన ముడిని బంధక ప్రోటీన్ విప్పగలదని ఆ ప్రయోగం చూపించింది.

ఆకలేసిన కణానికి ఇది బతుకుతెరువు. కేన్సర్ కణం మాత్రం దీన్ని శాశ్వతంగా వాడుకుంటుంది. రొమ్ము, పెద్దపేగు, అండాశయం, నోరు ఇలా ఎన్నో చోట్ల కణితుల్లో హెచ్‌యుఆర్ ఎక్కువగా, అదీ కేంద్రకం బయట కనిపిస్తుంది. అది కాపాడే నకళ్ల జాబితా చూస్తే కణితికి కావలసినవన్నీ ఉంటాయి. కణ విభజనను నడిపే సైక్లిన్లు, కొత్త రక్తనాళాలను రప్పించే విఇజిఎఫ్, వాపును పెంచే కాక్స్-2 అందులోవే.

మరి హెచ్‌యుఆర్‌ను అదుపు చేసేది ఎవరు? దాని నకలుకు కూడా తోక ఉంది, ఆ తోకకూ మైక్రోఆర్‌ఎన్‌ఏలు అతుక్కుంటాయి. 2008లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మిరియం గోరోస్పే బృందం మైక్రోఆర్‌ఎన్‌ఏ-519 హెచ్‌యుఆర్‌ను తగ్గిస్తుందని, దాంతో కణాల విభజన మందగిస్తుందని చూపించింది. కణితుల్లో ఈ 519 తక్కువగా, హెచ్‌యుఆర్ ఎక్కువగా ఉంటాయని రెండేళ్ల తరవాత అదే బృందం తేల్చింది. మైక్రోఆర్‌ఎన్‌ఏ-16 కథ ఇంతకంటే ముఖ్యమైనది. 2002లో జార్జ్ కాలిన్, కార్లో క్రోచే ఒక రకం రక్త కేన్సర్‌లో 13వ క్రోమోజోము మీద తరచుగా ఊడిపోయే ముక్కను వెతికితే, అందులో ఉన్నవి మైక్రోఆర్‌ఎన్‌ఏ-15, 16. మైక్రోఆర్‌ఎన్‌ఏలకూ కేన్సర్‌కూ సంబంధం ఉందని మొదట తెలిసింది అప్పుడే. తరవాత రొమ్ము కేన్సర్ మీద పనిచేసినవాళ్లు, హెచ్‌యుఆర్‌ను అణచేవాటిలో ఈ 16 ఒకటని 2010లో కనుక్కున్నారు. 2012లో పెద్దపేగు కేన్సర్ మీద పనిచేసినవాళ్లకు దీనికి సరిగ్గా ఎదురు సంగతి కనిపించింది. హెచ్‌యుఆర్ వెళ్లి 16ను పట్టుకుని దాన్ని తగ్గించేస్తోంది, దాంతో కాక్స్-2 పెరిగిపోతోంది.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. 16 ఎక్కువుంటే హెచ్‌యుఆర్ తగ్గుతుంది, హెచ్‌యుఆర్ ఎక్కువుంటే 16 తగ్గుతుంది. ఇలాంటి జంట మధ్యస్థంగా ఎక్కువసేపు నిలవదు. ఏదో ఒకటి పైచేయి సాధించి, రెండోదాన్ని ఇంకా అణచి, అక్కడే స్థిరపడుతుంది. అంటే మొదట్లో ఒక చిన్న తోపుడు చాలు. ఆ తోపుడు ఆగిపోయినా కణం పాత స్థితికి తిరిగి రాకపోవచ్చు. కణితి మొదలుకావడానికి కారణమైనదాన్ని ఆపేశాక కూడా కణితి ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు ఇలాంటి జంటలు కొంత జవాబు చెబుతాయి.

కోనసీమవాళ్లకు ఆ తోపుడు ఎక్కడినుంచి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. గోదావరి వరద తగ్గాక లంకల్లో మిగిలే ఒండ్రు మట్టిలో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపడ్డది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టను అడ్డపొగగా పీలుస్తారు, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. వేడీ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి. ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లను పరీక్షించి, డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, ముంబయి నుంచి ఫలీ మెహతా మొదలైనవాళ్లు 1971లో ప్రచురించిన పరిశోధన, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మచ్చలనూ మార్పులనూ ప్రపంచానికి వివరంగా చూపించింది. సాధారణంగా గట్టి అంగిట్లో కేన్సర్ అరుదు. అడ్డపొగ ఉన్నచోట మాత్రం అరుదు కాదు. పొగలోని రసాయనాలు డీఎన్‌ఏ అక్షరాలను చెరుపుతాయి, అది రాయిమీద జరిగే నష్టం. ఏళ్ల తరబడి తగిలే వేడి, మంట, వాపు నకళ్ల ఆయుష్షును మార్చేస్తాయి. కాక్స్-2 ఆ వాపులో ముఖ్యపాత్రధారి, దాని నకలును కాపాడేది హెచ్‌యుఆర్. నోటి కేన్సర్ కణాల్లో హెచ్‌యుఆర్‌ను తగ్గిస్తే వాటి పెరుగుదల మందగిస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. మీ ఇంట్లో చుట్ట అలవాటున్న పెద్దవాళ్లుంటే, నోట్లో తెల్లమచ్చగాని, రెండు మూడు వారాలైనా మానని పుండుగాని ఉందేమో చూపించమనండి. ఆ దశలో పట్టుకుంటే వైద్యం చాలా తేలిక.

ఇక లెట్-7 దగ్గరికి వద్దాం. పిండం ఎదిగే తొలి రోజుల్లో కణాల్లో లెట్-7 దాదాపు ఉండదు, లిన్28 అనే బంధక ప్రోటీన్ మెండుగా ఉంటుంది. కణాలు పరిణతి చెంది కండరమో చర్మమో నాడో అయ్యేకొద్దీ లెట్-7 పెరుగుతుంది, లిన్28 మాయమవుతుంది. దీని వెనకున్న పద్ధతిని 2008 నుంచి కొన్నేళ్లలో అక్షరం అక్షరంగా విప్పారు. లెట్-7 తయారవుతున్న దశలో, ఇంకా మడతపడి ఉన్నప్పుడే, లిన్28 వచ్చి దాని మెడ దగ్గర పట్టుకుంటుంది. పట్టుకుని మరో ఎంజైమును పిలుస్తుంది. ఆ ఎంజైము కొసకు 'యు' అక్షరాలను వరసగా తగిలిస్తుంది. ఆ గుర్తు చూసి డిఐఎస్3ఎల్2 అనే ఇంకో ఎంజైము దాన్ని కొరికేస్తుంది. లెట్-7 పుట్టకముందే పోతుంది. ఎదురువైపు నుంచి, పుట్టి బయటపడ్డ లెట్-7 లిన్28 నకలు తోకకు అతుక్కుని దాన్ని అణచేస్తుంది. ఇది కూడా హెచ్‌యుఆర్, 16ల్లాంటి జంటే.

పెద్దయ్యాక మళ్లీ లిన్28 తలెత్తితే కణం పిండ దశ లక్షణాలు తెచ్చుకుంటుంది, విభజన ఆగదు. పిల్లల్లో నాడీకణాల నుంచి వచ్చే న్యూరోబ్లాస్టోమాలోనూ, మూత్రపిండంలో వచ్చే విల్మ్స్ కణితిలోనూ ఇది కనిపించింది. ఎలుకల్లో లిన్28ను కావాలని పెంచితే ఈ రెండు కణితులూ పుట్టాయి. డిఐఎస్3ఎల్2 జన్యువు చెడిపోయి పుట్టిన పిల్లలకు విల్మ్స్ కణితి వచ్చే ప్రమాదం ఎక్కువ. నులిపురుగు ఎదుగుదల గురించి కుతూహలంతో మొదలైన పరిశోధన పసిపిల్లల వార్డు దాకా రావడం నన్ను కదిలించే విషయం. పెద్దవాళ్ల సంగతికొస్తే, 2004లో జపాన్‌లో శస్త్రచికిత్స చేయించుకున్న 143 మంది ఊపిరితిత్తుల కేన్సర్ రోగులను చూస్తే, లెట్-7 తగ్గినవాళ్లు తక్కువకాలం బతికినట్టు తేలింది.

లెట్-7 అణచే బంధక ప్రోటీన్ ఇంకొకటుంది, ఐఎంపీ-1. ఇది పిండ దశలో ఉండి తరవాత కనుమరుగయ్యేది, కణ విభజనను నడిపే సీ-మిక్ నకలును కాపాడేది. దాని నకలు తోక చాలా పొడవు, అందులో లెట్-7 అతుక్కునే చోట్లు అనేకం. 2009లో క్రిస్టీన్ మేయర్, డేవిడ్ బార్టెల్ కేన్సర్ కణాల్లో నకళ్లను పరిశీలించి ఒక విచిత్రం గమనించారు. చాలా నకళ్ల తోకలు పొట్టిగా ఉన్నాయి. జన్యువులో ఆ తోక భాగమంతా చెక్కుచెదరకుండా ఉంది. నకలు తీసేటప్పుడు కణమే దాన్ని ముందుగా కత్తిరించేస్తోంది. పొడుగు తోకలో ఉన్న మైక్రోఆర్‌ఎన్‌ఏ చోట్లు చాలావరకు ఆ కత్తిరింపుతో పోయాయి. అలాంటి పొట్టి నకళ్ల నుంచి సాధారణంగా పది రెట్ల ప్రోటీన్ తయారవుతోంది. ఐఎంపీ-1 పొట్టి నకలును, పొడుగు నకలును విడివిడిగా కణాల్లో పెట్టి చూస్తే, కణాలను కేన్సర్ వైపు మళ్లించడంలో పొట్టిదే చాలా ముందుంది. రెండింటినుంచీ తయారయ్యే ప్రోటీన్‌లో మాత్రం ఒక్క అమైనో ఆమ్లం తేడా లేదు.

జన్యువులో మార్పుల కోసం మాత్రమే వెతికే పరీక్ష ఇలాంటి కణాన్ని చూసి అంతా సవ్యంగానే ఉందని చెబుతుంది. ఈ అధ్యాయంలో ఒక్క ప్రయోగం గుర్తుపెట్టుకోమంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను.

అంతా ఇంత ముక్కుసూటిగా ఉంటుందని మాత్రం అనుకోకూడదు. హెచ్‌యుఆర్ ఎప్పుడూ మైక్రోఆర్‌ఎన్‌ఏకు అడ్డుపడదు. సీ-మిక్ నకలు దగ్గర అదే హెచ్‌యుఆర్ లెట్-7కు చోటిచ్చి, ఇద్దరూ కలిసి సీ-మిక్‌ను అణచడం 2009లో కనిపించింది. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అని చీటీలు అంటించడం ఈ రంగంలో కుదరదు. ఏ కణంలో, ఏ తోకమీద, ఎవరి పక్కన అన్నదాన్నిబట్టే పాత్ర మారుతుంది.

తోకలను వదిలి లోపలి భాగాన్ని మార్చే బంధక ప్రోటీన్లూ ఉన్నాయి. వాటిలో ఒకటైన పీటీబీపీ1, నకలు మధ్యలోంచి ఒక ముక్కను తీసేస్తుంది. గ్లూకోజు విరిగేటప్పుడు చివరి మెట్టులో, కణానికి శక్తినిచ్చే ఏటీపీని పుట్టించే పైరువేట్ కైనేజు అనే ఎంజైముకు రెండు రూపాలున్నాయి, ఏ ముక్క ఉంచారన్నదాన్నిబట్టి ఏ రూపమో తేలుతుంది. పీటీబీపీ1 ఎక్కువగా ఉంటే పిండ దశ నాటి రెండో రూపం వస్తుంది. అప్పుడు కణం ప్రాణవాయువు ఉన్నా గ్లూకోజును పూర్తిగా కాల్చదు, సగంలో ఆపి లాక్టిక్ ఆమ్లంగా వదిలేస్తుంది, మిగిలిన ముక్కలను కొత్త కణాల నిర్మాణానికి మళ్లిస్తుంది. ఒట్టో వార్‌బర్గ్ 1920లలో కేన్సర్ కణాల్లో చూసింది ఈ తీరునే. మైక్రోఆర్‌ఎన్‌ఏ-124 పీటీబీపీ1ను అణచేస్తుంది. ఎదిగే కణం నాడీకణంగా మారడానికి ఇది అవసరం. పెద్దపేగు కేన్సర్‌లో ఈ 124 తగ్గిపోతే పీటీబీపీ1 విజృంభిస్తుంది.

ఏటీపీ పేరు వచ్చాక మన గోదావరి మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అనపర్తి మామగారి అండతో మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1923లో బోస్టన్ చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. తరవాత లెడర్లీ సంస్థలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి విరుద్ధంగా పనిచేసే అమినోటెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోటెరిన్‌ను రక్త కేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడకంలో ఉంది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుని, విభజన చెందే కణానికి కొత్త డీఎన్‌ఏ అక్షరాలు అందకుండా చేస్తుంది.

మైక్రోఆర్‌ఎన్‌ఏలతో మందు చేసే ప్రయత్నాలు ఇంకా ఆ తాత్కాలిక దశ దాటలేదు. కణితులను అణచే మైక్రోఆర్‌ఎన్‌ఏ-34ఏను కృత్రిమంగా తయారుచేసి, కొవ్వు బుడగల్లో పెట్టి ఎక్కించిన ఎమ్మార్‌ఎక్స్34 అనే మందును 2013 నుంచి 85 మంది రోగులమీద పరీక్షించారు. కొద్దిమందిలో కణితి తగ్గింది. కాని రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురు తిరగడంతో నలుగురు చనిపోయారు. 2016లో పరీక్ష ఆపేశారు. కణితి దాకా మందును చేర్చడం, దారిలో శరీరం దాన్ని శత్రువుగా చూడకుండా చేయడం, ఈ రెండూ ఇంకా తెగని చిక్కులే.

బంధక ప్రోటీన్‌ను నేరుగా అడ్డుకోవడం రెండో దారి. అదీ సులువు కాదు. ఎంజైములకు లోతైన గుంటలుంటాయి, మందు అణువు అందులో దూరి కూర్చుంటుంది. బంధక ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ముఖం చాలావరకు చదునుగా ఉంటుంది, చిన్న అణువుకు అక్కడ పట్టు దొరకదు. పైగా హెచ్‌యుఆర్ ఆరోగ్యంగా ఉన్న కణాలకూ కావాలి. ఎదిగిన ఎలుకల్లో ఆ జన్యువును తీసేస్తే ఎముక మజ్జలోనూ పేగు పొరలోనూ కొత్త కణాలను పుట్టించే కణాలు చచ్చిపోయి, ఆ ఎలుకలు కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. మెథోట్రెక్సేట్ మోతాదు మించినప్పుడు దెబ్బతినేది కూడా ఈ మజ్జా ఈ పేగు పొరే. అందుకని కొన్ని ప్రయోగశాలలు హెచ్‌యుఆర్‌ను మొత్తంగా తుడిచిపెట్టే ఆలోచన మానుకుని, కేంద్రకంలో ఉన్నదాన్ని అలాగే ఉండనిచ్చి, బయటికి రాబోయేదాన్ని మాత్రమే ఆపగల అణువుల కోసం వెతుకుతున్నాయి.